అన్నీ శనివారాలే

"ఇవన్నీ శనివారాలే కదరా?" అని అక్క నోటుబుక్కు మీద వేలు పెట్టి అడిగేసరికి నాకు మాట రాలేదు.

అలిపిరి దగ్గర సంగటి హోటల్ పెట్టాలని ఆరు నెలలుగా ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, మెట్ల దారిన కొండెక్కేవాళ్లను గంటగంటకూ లెక్కపెట్టి రాసుకుంటున్నాను. శనివారమంటే స్వామి వారం, జనం కిటకిటలాడతారు. మంగళవారం ఒక్కసారి కూడా పోలేదు, పోవాలని తట్టనే లేదు.

3,550 మెట్లు ఎక్కబోయే ముందు కడుపునిండా సంగటి ఎవరు తింటారని కూడా అడిగింది. నాకు సంగటి, చెనిక్కాయల ఊరిబిండి అంటే ప్రాణం, అందరికీ అంతే అనుకున్నాను.

దిష్టి తగులుతుందని దాచానన్నాను. నిజానికి ఎవరైనా వద్దంటారేమోనని భయం.

మంగళవారం తెల్లారేసరికి తనూ వస్తానంది.