ఇంజన్ దించాలన్నారు, తీరా లోపల లేనిది ఒక చిన్న వాల్వు

మొన్న మా కారు ట్యాంక్ ఫుల్ చేయించి లెక్క చూస్తే లీటరుకు 16.4 కిలోమీటర్లు వచ్చింది. నాలుగు నెలల టెన్షన్ తీరింది. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు, అందుకే వెంటనే రాస్తున్నాను.

మాది 2007 మోడల్ ఆల్టో, 796 సీసీ, మూడు సిలిండర్లు. 15 ఏళ్లు నిండితే 2022లో ఆర్‌సీ ఐదేళ్లకు రెన్యువల్ చేయించాం, దానికేం ఇబ్బంది రాలేదు. కాజీపేట నుంచి పరకాలలో మా స్కూలుకు రోజూ నేనే నడుపుకుంటూ పోతాను. పెట్రోలు పోయించిన ప్రతిసారీ కిలోమీటర్లు, లీటర్లు డైరీలో రాసిపెడతాను. తొమ్మిదేళ్ల లెక్క ఉంది నా దగ్గర. మా స్టాఫ్‌లో ఇంకెవరి దగ్గరా ఇలాంటిది లేదు. 17 ఇచ్చే బండి దసరా తర్వాత 12కు పడింది. మూడో గేర్‌లో ఎక్కే ఫాతిమానగర్ బ్రిడ్జి రెండో గేర్ వేస్తే గానీ ఎక్కడం లేదు.

ఎయిర్ ఫిల్టర్ మార్పించాను. టైర్లలో గాలి సరిచూశాను. ప్లగ్‌లు మసిబారి నల్లగా ఉన్నాయి, కొత్తవి వేయించాను. 20 కిలోమీటర్లు పోయి దిగి చక్రాలు ముట్టుకుంటే ఎడమ వెనక డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత వేడి. బ్రేకు పట్టేస్తోందన్నమాట. అది బాగు చేయిస్తే 12 కాస్తా 13న్నర అయింది, అంతే.

ఇక మిగిలింది మేము ఎప్పుడూ చూపించే షెడ్డు. అక్కడ నాకు జరిగింది మర్చిపోలేను. నేను డైరీ తీసి చూపిస్తుంటే మెకానిక్ దానివైపు చూడనే లేదు. బానెట్ ఎత్తి ఒక్కసారి రేస్ చేసి, "బోరు అరిగింది మేడం, ఇంజన్ దించుడే. 38 వేలు అయితది" అన్నాడు. బోరంటే సిలిండర్ లోపలి గోడ. ఆయిల్ తగ్గడం లేదు, నీలం పొగ లేదు, బోరు ఎట్లా అరిగిందన్నావు అని అడిగాను. "మీరు హాఫ్ క్లచ్‌ల నడుపుతరు. లేడీస్ నడిపితే గట్లనే అయితది" అన్నాడు, అక్కడ కూర్చున్న నలుగురికీ వినబడేటట్టు. క్లచ్ జారితే ఇంజన్ మోత పెరుగుతుంది, బండి వేగం పెరగదు. నా బండిలో అసలు మోతే పెరగడం లేదని చెప్పాను. "సార్‌ను తోలుండ్రి మేడం, సార్‌తోని మాట్లాడుత" అన్నాడు. మా ఆయనకు స్టీరింగ్ పట్టుకోవడమే రాదు!

ఆ సాయంత్రం మా ఆయన ఫోన్ చేస్తే అదే మాట చెప్పాడట. "పదివేలు అడ్వాన్స్ ఇద్దాం, వాళ్లకు తెలియదా" అన్నారు ఈయన. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. తెలియని మనిషి మాటకు ఉన్న విలువ, రోజూ బండి నడిపే నా మాటకు లేకపోయింది.

ఇంజన్ దించమని ఎవరు చెప్పినా ముందు సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి పెట్టమనండి. పెట్టను అంటే అక్కడి నుంచి బండి తీసుకుని వచ్చెయ్యండి. ఇంకో చోట పెట్టిస్తే మూడు సిలిండర్లలోనూ రీడింగ్ దాదాపు ఒక్కటే వచ్చింది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగి రీడింగ్ తగ్గితే ఆ సిలిండర్‌లో కొంచెం ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. పెరిగితే రింగులదే తప్పు. నాకు ఆ అవసరమే రాలేదు. కానీ రెండు వారాల కింద వేసిన ప్లగ్‌లు మళ్లీ నల్లబడ్డాయి. అంటే పెట్రోలు ఎక్కువ పోతోంది.

అక్కడొకాయన "ఇప్పుడొచ్చే ఇథనాల్ పెట్రోల్ మహిమ" అన్నాడు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులు. 20 శాతం కలిపితే వందకు ఆరో ఏడో తగ్గాలి. 17 కాస్తా 12 కాదు.

జనవరిలో ఒక పొద్దున గూడెప్పాడ్ దాటాక నా కళ్లు టెంపరేచర్ ముల్లు మీద పడ్డాయి. ఇంటి నుంచి అంత దూరం వచ్చినా అది కిందనే ఉంది. మర్నాడు చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై పైపు పట్టుకున్నాను. నీళ్లు 80 డిగ్రీలు దాటేదాకా, వాటిని రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ వాల్వు మూసుకుని ఉండాలి, పైపు చల్లగా ఉండి తర్వాత ఒక్కసారిగా కాలాలి. మా పైపు మొదటి నిమిషం నుంచే మెల్లగా వేడెక్కింది. గేజి పెట్టినాయన దగ్గర విప్పిస్తే లోపల వాల్వు లేదు. ఇంజన్ ఎప్పుడూ చల్లగా ఉండేసరికి, ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీఎం, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, పెట్రోలు ఎక్కువ వదులుతూనే ఉంది. వేసవిలో అంతగా తెలియలేదు, చలి మొదలయ్యాక బయటపడింది. కొత్త వాల్వు, కూలెంట్ వేసి, కూలెంట్‌లో చిక్కుకున్న గాలి తీసి పంపించారు. వాల్వు ధర 400 కూడా లేదు.

మే నెలలో నీళ్లు కారుతున్నాయని ఇచ్చింది ఆ షెడ్డుకే. డైరీ, పాత బిల్లు పట్టుకుని వెళ్లాను. వాల్వు తీసినట్టు బిల్లులో లేదు. "ఎండకాలం ఇంజన్ చల్లగ ఉండాలె అని తీసిన మేడం, పాత బండ్లకు అన్నిటికీ తీస్తం" అన్నాడు. తన కారు కోసం బల్ల మీద కూర్చున్న ఒక పెద్దాయన లేచి వచ్చి, "మరి నాది కూడా తీసినవా?" అని అడిగాడు.