విజయనగరం ఆట: దండును కలపడం, విడగొట్టడం (బహమనీ యుద్ధం దాకా)

యూరోపా యూనివర్సాలిస్ 4 అనే కంప్యూటర్ వ్యూహాల ఆటలో 1444 నవంబరులో మొదలైన విజయనగరం ఆట మొదటి బహమనీ యుద్ధం దాకా వచ్చింది. మిలిటరీ టెక్ (సైనిక సాంకేతిక స్థాయి) 3, కంబాట్ విడ్త్ (ఒక వరసలో ఒకేసారి పోరాడగల రెజిమెంట్ల సంఖ్య) 20. ఫిరంగులు టెక్ 7కి గానీ రావు కాబట్టి ముందు వరసలో నిలబడే 20 రెజిమెంట్లే (ఒక్కోటి నిండా ఉంటే 1,000 మంది) ఇప్పటికి బలమంతా: 16 కాల్బలం, 4 గుర్రపుదళం. మామూలు రోజుల్లో ఇవి 8+2 చొప్పున రెండు స్టాకులుగా (కలిసి కదిలే దండులుగా) పక్కపక్క ప్రావిన్సుల్లో ఉంటున్నాయి.

అన్నీ ఒకే చోట పెడితే సప్లై లిమిట్ (ఆ ప్రావిన్సు పోషించగల సైన్యం హద్దు) దాటి, యుద్ధం లేకుండానే మనుషులు పోతారు. ఈ నష్టం (అట్రిషన్) నెల మారినప్పుడు పడుతుంది. అందుకే కలపడం ఒకటో తేదీ దాటాకే. ఆ నెలలోనే యుద్ధం తేల్చుకుని, నెలాఖరుకు ముందే మళ్లీ విడగొట్టాలి. రెండు స్టాకులూ శత్రువు ఉన్న ప్రావిన్సుకు ఒకే రోజు చేరాలంటే, ప్రయాణం తక్కువ ఉన్నదాన్ని ఆపి ఉంచి ఆలస్యంగా కదిలించాలి. ఒకటి వారం ముందు చేరిందంటే 10 రెజిమెంట్లే మొత్తం దెబ్బ కాస్తాయి. మొదటి 12 రోజుల్లో మొరేల్ (పోరాడే ధైర్యం) పడిపోయి, అవతల రెట్టింపు మంది ఉంటే ఆ స్టాక్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

విడ్త్‌కు మించిన రెజిమెంట్లను మాత్రం వెంట తీసుకెళ్లకూడదు. రిజర్వులో నిలబడ్డా మొరేల్ కరుగుతూనే ఉంటుంది. వాటిని విడిగా ఉంచి, ముందు వరస అలిసిపోయే వేళకు పంపితే తాజాగా దిగుతాయి.

సగానికి చీల్చే బటన్ తొందరలో పనికొస్తుంది గానీ, సేనాపతి ఒక సగంతోనే ఉంటాడు. రెండో సగం అతని ఫైర్, షాక్ పాయింట్లు (పోరులోని రెండు దశల్లో అతను ఇచ్చే బలం) లేకుండా మిగులుతుంది. యుద్ధానికి వెళ్లే భాగాన్ని చేత్తో ఎంచుకోవడమే మేలు. గుర్రపుదళం వాటా హద్దు దాటకుండా చూసుకోవాలి, దాటితే టాక్టిక్స్ (తగిలే దెబ్బను తగ్గించే విలువ) 25% తగ్గుతుంది. పోరులో కాల్బలం ముందు కరిగిపోతుంది కాబట్టి బయల్దేరినప్పుడు సరిగ్గా ఉన్న నిష్పత్తి మధ్యలో చెడొచ్చు.

కోట లేని ప్రావిన్సులు పట్టుకోవడానికి ఒక్కో రెజిమెంట్ చాలు. కానీ దగ్గర్లో శత్రువు పెద్ద స్టాక్ ఉంటే ఇలా చల్లకూడదు: పదింతల సైన్యం మీద పడితే ఒంటరి రెజిమెంట్ పోరాడకుండానే మాయమైపోతుంది.

ఎక్కువమంది తప్పు చేసేది కన్సాలిడేట్ (సగం ఖాళీ అయిన రెజిమెంట్లను కలిపి నిండుగా చేసే బటన్) దగ్గర. యుద్ధం తర్వాత 16 కాల్బల రెజిమెంట్లలో 11,400 మంది మిగిలారనుకోండి. కన్సాలిడేట్ చేస్తే 11 నిండు రెజిమెంట్లు, 400 మందితో ఒకటి మిగులుతాయి; నాలుగు పోతాయి. మళ్లీ కావాలంటే డబ్బు పెట్టి కొత్తగా తీసుకోవాలి. పైగా మన నేలపై కొత్త మనుషులు రెజిమెంటుకు నెలకు దాదాపు 100 మంది చొప్పున చేరతారు. అన్నీ సగం సగంగా ఉంటే నెలకు 1,600 మంది దాకా వస్తారు, కన్సాలిడేట్ చేశాక లోటున్నది ఒక్కటే, అంటే 100 మందే. షిఫ్ట్ పట్టుకుని నొక్కితే ఖాళీ రెజిమెంట్లు పోకుండా ఉంటాయి, అప్పుడు నెలకు 500. కాబట్టి వెంటనే ఇంకో యుద్ధం ఉంటేనే కన్సాలిడేట్ చేయాలి. విశ్రాంతి దొరికితే ముట్టుకోకుండా వదిలేయాలి.

టెక్ 7 వచ్చాక స్టాక్ రూపం మారుతుంది. ఫిరంగులు వెనక వరసలో చేరతాయి, ముందు కాల్బలం తక్కువైతే అవే ముందుకొచ్చి రెట్టింపు దెబ్బ తింటాయి. అందుకే అప్పుడు ఫిరంగులన్నీ ఒకే స్టాక్‌లో, దానికి కాపలాగా విడ్త్‌కు సరిపడా కాల్బలం, ముట్టడికి అదే. మిగతా కాల్బలం విడిగా, ఒకటి రెండు ప్రావిన్సుల దూరంలో.