నా లోపలి మాస్టారితో రాజీ

మన బుర్రలో కూర్చుని పొద్దున్న లేచిన దగ్గర్నుంచి మనల్ని ఏకుతూ ఉండే గొంతొకటి ఉంటుంది కదా, ఇన్నర్ క్రిటిక్ అంటున్నారు ఇప్పుడు దాన్ని, నాదైతే టెంత్‌లో లెక్కల ట్యూషన్ చెప్పిన మాస్టారి గొంతుతో మాట్లాడుద్ది. "ఏరా, బుర్రలో ఏముందిరా, మట్టా?" అని. ఆయన ఆ మాట నిజంగా ఎన్నిసార్లన్నారో గుర్తు లేదు గానీ ఆయన ఆపేసిన దగ్గర్నుంచి ఆ డ్యూటీ నేనే ఎక్కా. పాపం ఆ పెద్దాయన ఈపాటికి ఎక్కడో మనవల్ని ఆడించుకుంటూ ఉండుంటారు, నేను మాత్రం నలభైకి దగ్గరపడుతూ కూడా ఆయన చేత తిట్టించుకుంటూనే ఉన్నా. అప్పుడప్పుడూ మధ్యలో అమ్మ కూడా వచ్చి "నలుగురూ ఏమనుకుంటార్రా" అని ఓ చెయ్యేసి వెళ్తుంది.

మొన్నామధ్య మా బాస్ దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక్క లైను. "ఫ్రీ అయ్యాక కాల్ చెయ్యి." అంతే. ఉద్యోగం చేసేవాళ్లకి ఈ మెసేజ్ సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆ క్షణం ఏం జరిగిందో కాస్త జాగ్రత్తగా చూశా, ఎందుకంటే ఈ మధ్య అలా చూడటం అలవాటు చేసుకుంటున్నా. ముందు పొట్టలో ఏదో కిందకి జారినట్టయింది, దవడ బిగుసుకుంది, నాలుక వెళ్లి అంగిలికి అతుక్కుపోయింది, భుజాలు చెవుల దాకా వచ్చేశాయి, ఊపిరి పైపైనే తిరుగుతోంది. ఇదంతా అయ్యాక అప్పుడు వచ్చారు మాస్టారు, "చూశావా, ఏదో వెలగబెట్టే ఉంటావు, పోయిన వారం రిపోర్టు సరిగ్గా చూసుకున్నావా అసలు" అంటూ. నేను ఎప్పుడూ ముందు తిట్టు వచ్చుద్ది, దాని వల్ల భయం వచ్చుద్ది అనుకునేవాణ్ణి. నా విషయంలో చాలాసార్లు ఉల్టా. ఒంట్లో భయం ముందే మొదలైపోతోంది, దానికి కారణం వెతికి పెట్టడానికి ఈయన తర్వాత వస్తున్నారు.

(బాస్‌కి కావల్సింది పూతరేకులు. మా అత్తగారి ఊరు ఆత్రేయపురం పక్కనే, ఇంట్లో ఏదో ఫంక్షన్ ఉంది తెప్పించగలవా అని అడగడానికి. మాస్టారు మాత్రం ఓ సారీ కూడా చెప్పలేదు.)

బ్రిటన్‌లో పాల్ గిల్బర్ట్ అనే సైకాలజిస్టు ఉన్నారు, సిగ్గుతో, తమని తాము తిట్టుకోవడంతో నలిగిపోతున్న పేషెంట్ల కోసం కంపాషన్ ఫోకస్డ్ థెరపీ అనేది తయారుచేశాడాయన. మన ఎమోషన్స్‌ని మూడు రకాల వ్యవస్థలుగా చూడమంటాడు, ముప్పుని పసిగట్టేది ఒకటి, ఇంకా సాధించు సాధించు అని తరిమేది ఒకటి, ఒంటిని నెమ్మదింపజేసి సేదతీర్చేది ఒకటి. మనలో చాలామందికి ఇంటర్ నుంచే మొదటి రెండిటికీ ఫుల్ ట్రైనింగ్ అయిపోయుద్ది, మూడోదాన్ని పట్టించుకున్న వాడు లేడు. ఆయన గమనించిన ఇంకో సంగతి నాకు బాగా తగిలింది. పేషెంట్లు "నేను పనికిరానివాణ్ణేం కాదు" అనే సరైన మాటే లోపల అనుకుంటున్నారంట, కాకపోతే ఆ మాట అనుకునే టోన్ మాత్రం తిట్టినట్టే ఉందంట! నేను కూడా అద్దం ముందు నిలబడి "నువ్వు బానే ఉన్నావు, టెన్షన్ పడకు" అని పళ్లు కొరుకుతూ చెప్పుకునే టైపే మరి.

అందుకని ముందు మాటలు పక్కన పెట్టి ఒంటి దగ్గర మొదలుపెట్టడం అనేది నాకు పనికొచ్చింది. మీకు ఇప్పుడే ఒకటి తెలియాలంటే, మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి నాడి పట్టుకోండి, నెమ్మదిగా గాలి పీల్చండి, ఇంకా నెమ్మదిగా వదలండి. పీల్చేటప్పుడు నాడి కొంచెం దగ్గర దగ్గరగా కొట్టుకుని, వదిలేటప్పుడు కొంచెం ఎడంగా కొట్టుకోవడం కొంతమందికి వేళ్లకే తెలుస్తుంది. మెదడు నుంచి గుండె దాకా దిగే వేగస్ అనే నరం గుండెకి వేసే బ్రేకు గాలి వదిలేటప్పుడు గట్టిగా పడుద్ది, అందుకే ఊపిరి వదలడం పొడుగ్గా చెయ్యమనేది. నాలుక అంగిలి నుంచి వదిలెయ్యడం, పళ్ల మధ్య కాస్త సందు ఇవ్వడం, చెప్పులు తీసి అరికాళ్లు గచ్చు మీద ఆనించి ఆ చల్లదనం చూడటం, ఇవన్నీ ఎవరికీ తెలియకుండా ఆఫీసు టేబుల్ కిందే అయిపోతాయి.

గుండె మీద చెయ్యి వేసుకోవడం ఇంకోటి. ఇది మొదట్లో నాకు పరమ ఎబ్బెట్టుగా ఉండేది, సీరియల్లో ఏడుపు సీన్ లాగా, మగాడివి ఏంట్రా ఇది అని మాస్టారు కూడా రెడీగా ఉండేవారు. టెక్సాస్ యూనివర్సిటీలో క్రిస్టిన్ నెఫ్ అనే ఆవిడ 2003 నుంచి ఇలా మన మీద మనం దయ చూపించుకోవడం మీదే, సెల్ఫ్ కంపాషన్ అంటారు దాన్ని, పేపర్లు రాస్తోంది, మన బాధని ఉన్నదున్నట్టు గమనించడం, ఇది అందరికీ ఉండేదేనని గుర్తు చేసుకోవడం, మనతో కాస్త దయగా ఉండటం, ఈ మూడూ కలిస్తేనే అది అంటుంది. నన్నడిగితే రెండోదే అసలు మందు. ఆ "కాల్ చెయ్యి" మెసేజ్ చూసి ఇప్పుడు ఈ ఊళ్లోనే ఎంతమందికి పొట్ట జారుతోందో అనుకుంటే నవ్వొచ్చుద్ది, సగం బరువు దిగిపోద్ది.

ఒక జాగ్రత్త. అలా చెయ్యి వేసుకున్నప్పుడు హాయిగా ఉండటం పోయి ఏడుపు తన్నుకురావచ్చు, ఎప్పటివో పాతవన్నీ పైకి రావచ్చు. మూసున్న గదిలో మంట ఆరినట్టు కనపడి తలుపు తియ్యగానే భగ్గుమన్నట్టు, ఫైర్ సర్వీస్ వాళ్లు వాడే బ్యాక్‌డ్రాఫ్ట్ అన్న మాటనే ఈ సెల్ఫ్ కంపాషన్ కోర్సులు చెప్పేవాళ్లు దీనికి కూడా వాడతారు. అప్పుడు పళ్లు బిగించి కొనసాగించకూడదు, కళ్లు తెరిచి, లేచి, చల్లటి నీళ్ల గ్లాసు చేత్తో పట్టుకుని ఆ రోజుకి వదిలెయ్యాలి. కొందరికి ఊపిరి మీద ధ్యాస పెడితేనే కంగారు పెరుగుద్ది, వాళ్లు అరికాళ్లతో సరిపెట్టుకోవచ్చు. ఇక ఆ గొంతు "నువ్వు ఉండి ఎవరికి లాభం" లాంటి మాటల దాకా వెళ్తే మాత్రం ఇలాంటి చిట్కాలు నమ్ముకోకండి, టెలీ మానస్ అనే హెల్ప్‌లైన్ 14416 కి ఫోన్ చెయ్యండి, ప్రభుత్వానిదే, ఫ్రీ, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఒళ్లు కాస్త వదులయ్యాక మాస్టారితో మాట్లాడొచ్చు. ముందు కాదు. అమెరికాలో రిచర్డ్ ష్వార్ట్జ్ అనే ఫ్యామిలీ థెరపిస్టు 1980ల్లో మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది, మన లోపల ఒక ఫ్యామిలీ మొత్తం ఉన్నట్టు చూడటం, అందులో తిట్టేవాడు కూడా మనల్ని కాపాడదామనే చూస్తున్నాడని అనుకోవడం. వాణ్ణి అడగాల్సిన ప్రశ్న, "నువ్వు ఈ తిట్టడం మానేస్తే ఏమైపోద్దని నీ భయం?" నేను అడిగా. కాసేపటికి వచ్చిన జవాబు, "అందరి ముందూ నిన్ను లేపి నిలబెడతారురా" అని. టెంత్‌లో బోర్డు దగ్గర చాక్‌పీసు పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడటం, వెనక బెంచీల్లో నవ్వులు. ఈయన ఇన్నేళ్లూ అక్కడే ఉండిపోయారన్నమాట, ఎవరో తిట్టేలోపు మనమే తిట్టేసుకుంటే కొంచెం తక్కువ నొప్పి అని. "సరే మాస్టారూ, భయమేసింది మీకు, నేను చూసుకుంటాలే, కూర్చోండి" అంటా. కొన్నిసార్లు కూర్చుంటారు. కొన్నిసార్లు "నువ్వేం చూసుకుంటావులే" అంటారు, అదీ వింటా.

మా ఫ్రెండొకడు వెంటనే అన్నాడు, ఇలా బుజ్జగించుకుంటూ పోతే బద్ధకం రాదా, తిట్టుకోకపోతే పని ఎలా అవుద్ది అని. 2012లో జూలియానా బ్రైన్స్, సెరెనా చెన్ అనే ఇద్దరు పబ్లిష్ చేసిన ప్రయోగాలున్నాయి, అందులో ఒకదాంట్లో కాలేజీ స్టూడెంట్స్‌కి కఠినమైన వొకాబులరీ టెస్టు పెట్టి, కొందరికి కష్టంగా అనిపిస్తే అది మామూలే, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి అని చెప్పారు. తర్వాతి టెస్టుకి ఎక్కువసేపు చదివింది వాళ్లే. మావాడు నమ్మలేదు. వాడికీ ఓ మాస్టారు ఉండుంటారు.

నేను రోజూ ఏమీ బాసింపట్టు వేసుకుని కూర్చోను, అంత టైమూ లేదు, ఇష్టమూ లేదు. నాకు బాగా కుదిరింది భ్రామరి, గాలి పీల్చి నోరు మూసుకుని తుమ్మెదలాగా "మ్‌మ్‌మ్" అనుకుంటూ వదలడం, అలా చేస్తే వదలడం దానంతటదే పొడుగవుద్ది, లెక్కపెట్టే పని లేదు. బెంజ్ సర్కిల్ దగ్గర రెడ్ పడితే హెల్మెట్ తియ్యకుండా అందులోనే మొదలుపెడతా. భలే మోగుద్ది లోపల. మొన్న పక్క బండి మీదాయన బ్లూటూత్‌లో ఏదో పాట వింటున్నా అనుకుని "ఏ సినిమా బ్రదర్?" అన్నాడు.