గంటలు విన్నది నేను కాదు

"రేడియో క్లబ్బు గురించి నువ్వే రాయాలి, శుక్రవారంలోపు పంపు" అని మన బడి పాత విద్యార్థుల కమిటీ తరఫున మన మూడో బెంచీ ఫోన్ చేశాడు. ఎనిమిదో తరగతి నాకు బొత్తిగా గుర్తు లేదు. తొమ్మిదీ అంతే. సిన్పో మాస్టారు మాత్రం నిన్న చూసినట్టే ఉన్నారు. (సిన్పో అంటే రేడియో ఎంత బాగా వినపడిందో చెప్పే ఐదంకెల కోడు, ఒక్కో అంకె 1 నుంచి 5 దాకా. రెండోది పక్క స్టేషన్ల అడ్డు: 5 అంటే అడ్డే లేదని, 1 అంటే అంతా అడ్డేనని.)

ఆయన మార్కులు వేసేవారా? ఎర్ర సిరాతో ఐదంకెలు, అంతే. రెండో అంకె 5 పడితే పక్కవాడి దాంట్లో చూడలేదని, 1 పడితే మొత్తం దించేశాడని. నాకు 3 దాటిన గుర్తు లేదు.

1983 చలికాలం. ల్యాబులో ఆ వాల్వు సెట్టు, నాబు ఊడిపోయి కటింగ్ ప్లేయరుతో తిప్పాల్సిందే. ఏరియల్‌కి వేపచెట్టు నుంచి పిట్టగోడ దాకా రాగితీగ. గంటలుగాడు (అప్పటికి ఆ పేరు రాలేదు) స్పీకరు గుడ్డకి చెవి ఆనించి, వెంట్రుకవాసి చొప్పున తిప్పేవాడు. "ఉండండ్రా, గంటలు మోగుతున్నాయి" అన్నాడు. మాకు గరగర తప్ప ఏమీ లేదు. ఇంకో వెంట్రుకవాసి జరిపాడు. నిజంగానే గంటలు! కార్యక్రమానికి ముందు గంటలు మోగించే రేడియో నెదర్లాండ్స్!

ఎప్పుడు, ఎలా వినపడిందో చెబుతూ ఆ స్టేషనుకి ఉత్తరం, ఇంగ్లీషు వచ్చని నేను రాశాను. మొదటిసారి మన టైమే వేసి పంపితే ఉలుకూ పలుకూ లేదు. రెండోసారి మాస్టారు అంతర్జాతీయ టైముకి మార్చడానికి అయిదున్నర గంటలు తీయించారు, రాత్రి 8 కాస్తా 14.30 అయింది. మీరు విన్నది మమ్మల్నే అని స్టేషను పంపే క్యూఎస్‌ఎల్ కార్డు వచ్చింది, నా పేరు మీద.

ప్రేయర్లో నన్ను పైకి పిలిచి చదివారు. ఆ చప్పట్లు సైన్స్ ఫెయిర్ షీల్డుకి కూడా పడలేదు (షీల్డు బ్యాచీ, ఒప్పుకోండి). గంటలుగాడు కింద వరసలో నుంచుని అందరికంటే గట్టిగా కొట్టాడు. "విన్నది వాడండీ" అనడానికి నాకు నోరు రాలేదు.

తర్వాత టెలికాం ఉద్యోగం. హాం (సరదాకి సొంత రేడియోలో మాట్లాడుకునేవాళ్ళు) లైసెన్సుకి నిమిషానికి 5 మాటల మోర్సు పరీక్ష గట్టెక్కి, వీయూ3తో మొదలయ్యే కాల్ సైన్, అంటే రేడియోలో నా పేరు. వందకు పైగా దేశాల కార్డులు పోగేస్తే డీఎక్స్‌సీసీ సర్టిఫికెట్ ఇచ్చారు. వరండాలో ఉన్నదాన్ని మా ఆవిడే హాల్లోకి మార్చింది, నేను అడగలేదు. మా హాం క్లబ్బులో ఎవరికి కొత్త కాల్ సైన్ వచ్చినా శాలువా కప్పుతాం. నాకూ బీరువాలో అయిదారున్నాయి, ఒక్కటీ చలికి ఆగదు.

మాస్టారు బదిలీ అయి వెళ్తూ, ల్యాబు తలుపు మీది కార్డు గుండుసూదులు పీకి నా చేతిలో పెట్టారు. ఇంటికెళ్ళి తిప్పి చూస్తే వెనక పెన్సిలుతో 51555 అని ఉంది.

గంటలుగాడి నంబరు ఎవరి దగ్గరున్నా కమిటీకి ఇవ్వండి. కార్డు తెస్తున్నాను.