హాలు నిండాలంటే బయట కూడా ఏదో ఉండాలి

నాటకానికో కచేరీకో జనం రావట్లేదు అనగానే టికెట్ రేటు తగ్గించండి, ఇంకో నాలుగు పోస్టర్లు వేయండి అంటారు. రేటు సంగతి ఉండనే ఉంది గానీ, అసలు హాల్లోకి అడుగు పెట్టడానికే చాలామందికి బెరుకు అని నేను గట్టిగా నమ్ముతాను. లోపల ఎలా కూర్చోవాలో, చప్పట్లు ఎప్పుడు కొట్టాలో, అసలు మనలాంటోళ్లు వెళ్తారో లేదో అని. ఆ బెరుకు పోగొట్టే పని హాలు బయట, అందరూ తిరిగే చోట, ఒక మంచి పబ్లిక్ ఆర్ట్, అంటే జనం మధ్యలో పెట్టే కళ, చేయగలదు.

అయితే ఏదో ఒక బొమ్మ తెచ్చి నిలబెడితే చాలదండీ. కెనడాలోని మాంట్రియల్‌లో 2011లో థియేటర్లు, కచేరీ హాళ్లు ఉండే ఏరియాలోనే 21 ఉయ్యాలలు పెట్టారు. ఊగుతుంటే స్వరాలు పలుకుతాయి, కానీ కొన్ని బాణీలు మాత్రం పక్కవాళ్లతో కలిసి ఊగితేనే వస్తాయి, అంటే ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒకళ్లనొకళ్లు గమనించుకుంటూ లయ కలుపుకోవాలి. బృందంలో వాయించేవాళ్లు చేసేది కూడా అదే కదా! అది ఒంటికి తెలిసాక హాల్లో కూర్చుని వినేటప్పుడు ఆ వినికిడే వేరుగా ఉంటుంది. బ్రిటిష్ కళాకారుడు లూక్ జెరమ్ 2008లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ వీధుల్లో 15 పియానోలు పెట్టి ఎవరైనా వాయించుకోండి అన్నప్పుడూ ఇదే సూత్రం. వాయించేది మనలో ఒకడే కాబట్టి చుట్టూ నిలబడటానికి మొహమాటం ఉండదు.

2007లో వాషింగ్టన్ మెట్రో స్టేషన్‌లో ప్రపంచ ప్రఖ్యాత విద్వాంసుడు జాషువా బెల్ వయొలిన్ వాయించిన సంగతి చాలామంది చెప్తుంటారు, 43 నిమిషాల్లో 1,097 మంది దాటిపోతే కనీసం ఒక్క నిమిషం ఆగినవాళ్లు 7గురే అని, చూశారా జనానికి అభిరుచి లేదు అని. నేనస్సలు ఒప్పుకోను. పొద్దున్నే ఆఫీసుకి పరిగెత్తేవాళ్లు అక్కడ ఎలా ఆగుతారు? పిల్లలైతే ఆగబోయారు, పెద్దవాళ్లే లాక్కెళ్లారు. కాబట్టి సాయంత్రం పెట్టండి, కూర్చోడానికి గట్టో బెంచీయో ఉండేలా చూడండి.

ఇంకోటి, బయటి ఆర్ట్‌కీ లోపలి ప్రదర్శనకీ దారి కనపడాలి. పారిస్‌లో సంగీతకర్త స్ట్రావిన్‌స్కీ పేరిట ఒక ఫౌంటెన్ ఉంది, 1983 నాటిది, ఆయన సంగీతం స్ఫూర్తితో చేసిన 16 శిల్పాలు నీళ్లు చిమ్ముతూ కదులుతుంటాయి, నాకు చాలా ఇష్టమైన పని అది. ఆ నేల కిందే ఇర్కామ్ అనే సంగీత పరిశోధన కేంద్రం ఉంది, ఫొటో దిగి వెళ్లిపోయేవాళ్లలో ఆ సంగతి ఎంతమందికి తెలుస్తుందో మరి. అందుకే బయట పెట్టిన ఆ ఆర్ట్ పక్కనే రోజూ ఒకే టైముకి, లోపల ఆడబోయే కళాకారులే వచ్చి పది నిమిషాలు రిహార్సల్ చేస్తే బాగుంటుంది, అయ్యాక వాళ్లతో మాట్లాడొచ్చు, ఆ రాత్రి టికెట్ అక్కడే కొనుక్కోవచ్చు.

బయట ఎంతమంది గుమిగూడారు అన్న లెక్క చూసి మురిసిపోవద్దు. మొదటిసారి వస్తున్నారా అని కౌంటర్ దగ్గర అడిగి రాసుకోండి, వాళ్లు మళ్లీ వచ్చారో లేదో చూడండి, అసలు లెక్క అది. బడ్జెట్ అంతా లైట్లకీ ఇనుముకీ పోసేసి ఆ పది నిమిషాలు ఆడేవాళ్లని మాత్రం పబ్లిసిటీ వస్తుంది కదా, ఊరికే రండి అనడం చాలా అన్యాయం, ఆ రిహార్సల్‌కి కూడా డబ్బులివ్వాలి, అదీ మొదట్లోనే ప్లాన్‌లో రాసి పెట్టాలి.