లెక్క తప్పిన నాడి

విశ్రాంతిలో నా నాడి నిమిషానికి 42 సార్లు కొట్టుకునేది. ఇంట్లో వేలాడే పతకాల కన్నా ఆ అంకె అంటేనే నాకు ఇష్టం. మా నాన్న 51 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. ఆ గతి నాకు పట్టకూడదని 38వ ఏట పరుగు మొదలుపెట్టాను. 11 ఏళ్లలో 26 మారథాన్లు, రెండుసార్లు 100 కిలోమీటర్ల పరుగు పూర్తిచేశాను. వారానికి 110 కిలోమీటర్లకు ఎన్నడూ తగ్గలేదు. అంత నెమ్మదిగా కొట్టుకునే గుండెకు జబ్బు ఎలా వస్తుందని నా ధీమా.

49వ ఏట ఒక రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చింది. నొప్పి లేదు. ఛాతీలో ఒడ్డున పడ్డ చేప కొట్టుకుంటున్నట్టు ఉంది. అలవాటుగా ఎడమ మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించాను. రెండు దెబ్బలు గబగబా వచ్చాయి. తర్వాత ఏమీ లేదు. ఇక రాదేమో అనుకునేలోపు సన్నగా ఒకటి, వెంటనే నాలుగు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు. ఎన్నిసార్లు మొదటి నుంచి లెక్కపెట్టినా పది దాటలేకపోయాను. నా భార్య లేచి నా ఛాతీకి చెవి ఆనించి చాలాసేపు విన్నది. తల ఎత్తి, "ఏమండీ, చొక్కా వేసుకోండి, ఆసుపత్రికి వెళ్దాం" అన్నది. ఏడవలేదు, కంగారుపడలేదు. అందుకే నాకు భయం వేసింది.

అది మొదటిసారి కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అంతకు రెండేళ్ల ముందు నుంచే దూరపు పరుగు ముగిసిన రోజుల్లో, సాయంత్రం నడుం వాలిస్తే గుండె తడబడేది. నీళ్లు చాలలేదనో నిద్ర తక్కువైందనో సరిపెట్టుకున్నాను. పరుగెత్తేటప్పుడు ఒక్కసారి కూడా రాలేదు కాబట్టి, దానికీ పరుగుకూ సంబంధం లేదని నా వాదన.

డాక్టరుగారితోనూ అదే వాదించాను. ఆవిడ మధ్యలో అడ్డురాకుండా అంతా విని, "పరుగులో రాదు. భోజనం తర్వాత, అర్ధరాత్రి, తీరిగ్గా కూర్చున్నప్పుడు వస్తుంది, అవునా?" అని అడిగారు. ఏళ్ల తరబడి కఠిన సాధన చేసినవారిలో గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నరం ప్రభావం ఎక్కువగా ఉంటుందట. విశ్రాంతి వేళ అది పైచేయి అయినప్పుడే, అప్పటికే సాగిపోయి ఉన్న కర్ణిక, అంటే గుండె పై గది, లయ తప్పే వీలుంటుంది. నేను మురిసిపోయిన ఆ 42లో ఆ నరానికీ కొంత వాటా ఉంది.

ఆవిడ ఈసీజీ కాగితాన్ని బల్ల మీద పరిచి పెన్సిలు మొనతో ఒక్కో నిలువు గీతనూ తాకుతూ వెళ్లారు. ఏ రెండు గీతల మధ్య దూరమూ మరో రెండింటి మధ్య లేదు. ప్రతి పెద్ద గీతకు ముందూ ఒక చిన్న గుట్ట ఉండాలి. కర్ణికలు సంకేతం అందుకున్నాయనడానికి అది గుర్తు. నా కాగితంలో ఆ గుట్టలు ఎక్కడా లేవు. వాటి చోట సన్నని వణుకు గీత. జబ్బు పేరు ఏట్రియల్ ఫిబ్రిలేషన్. ఎకోలో, అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ పరీక్షలో, నా ఎడమ కర్ణిక వెడల్పు 46 మిల్లీమీటర్లు తేలింది. మగవారిలో మామూలుగా 40 దాకా ఉంటుంది. వణికే కర్ణికలో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. గుండెను కాపాడుకోవడానికే పరుగెత్తిన నేను ఆ మాట దగ్గర మరి నోరు విప్పలేకపోయాను.

కూర్చున్న మనిషి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం పంపుతుంది. గట్టిగా పరుగెత్తితే అది నాలుగైదు రెట్లు అవుతుంది. ఆ ఒత్తిడిని గంటల తరబడి భరించేది పలుచని గోడలున్న కర్ణికలే. అవి సాగుతాయి, కోలుకుంటాయి. కోలుకునే వ్యవధి నేను ఇవ్వలేదు. ఒక ఏడాది ఐదు వారాల్లో మూడు మారథాన్లు పరుగెత్తాను. స్వీడన్‌లో 90 కిలోమీటర్ల వాసలొప్పెట్ స్కీ పందెం పూర్తిచేసిన 52,755 మంది మీద జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. ఎక్కువసార్లు పాల్గొన్నవారిలో, ఎక్కువ వేగంగా ముగించినవారిలో లయ తప్పే జబ్బులు ఎక్కువగా కనిపించాయి. అది చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తీవ్ర వ్యాయామాన్ని వారానికి 75 నుంచి 150 నిమిషాలు చేయమంటుంది. నాది 700 నిమిషాలు. అంతకు మించి చేయకూడదని ఆ సంస్థ అనలేదు. కానీ మేలు కోసం అంత దూరం పోనవసరం లేదు. కదలకుండా కూర్చునేవారికి ఇది సాకు కాకూడదు, వారి గుండెకు ముప్పు ఇంకా ఎక్కువ.

మందుతో తెల్లవారేసరికి లయ కుదిరింది. మూడు నెలలు పరుగు మానమన్నారు. ఆ కాలం నాకు జబ్బుకన్నా కష్టంగా గడిచింది. తెల్లవారుజామున మెలకువ వచ్చి, వెళ్లడానికి చోటు లేక మంచం అంచున కూర్చునేవాణ్ని. రెండో నెల చివర ఎవరికీ చెప్పకుండా 18 కిలోమీటర్లు పరుగెత్తాను. ఆ రాత్రే దడ తిరిగి వచ్చింది. నా భార్య ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనం నేను మరిచిపోను.

తర్వాత అబ్లేషన్ చేశారు. గజ్జ దగ్గరి సిరలోంచి సన్నని గొట్టాలు గుండెలోకి పంపి, ఊపిరితిత్తుల నుంచి రక్తం తెచ్చే నాలుగు సిరల మొదళ్ల చుట్టూ కణజాలాన్ని కాల్చారు, దారి తప్పిన సంకేతాలు అక్కడి నుంచి కర్ణికలోకి రాకుండా. ఆరు గంటలు కాలు మడవకుండా పడుకోవాలి. కొన్ని నెలలు రక్తం పలచబరిచే మాత్రలు వాడాను. మొదటి మూడు నెలల్లో దడ వచ్చినా అది విఫలమైనట్టు కాదని ముందే చెప్పారు. పంతొమ్మిదో రోజు వచ్చింది. నలభై నిమిషాలు. ఆ తర్వాత ఇప్పటికి 14 నెలలు, మళ్లీ రాలేదు. మొన్నటి ఎకోలో కర్ణిక 43. ఇప్పుడు వారానికి మూడు రోజులు, ఐదేసి కిలోమీటర్లు, పక్కవారితో మాట్లాడగలిగేంత వేగంతో. విశ్రాంతిలో నాడి 58.

నాతో పరుగెత్తిన ఒక తమ్ముడు పోయిన నెల వచ్చాడు. రాత్రుళ్లు గుండె తడబడుతోందనీ, పరీక్ష చేయిస్తే ఈసీజీ బాగానే ఉందనీ చెప్పాడు. "తడబడుతున్నప్పుడు తీసిందేనా?" అని అడిగాను. "కాదన్నా, మర్నాడు పగలు తీశారు" అన్నాడు. అతని మణికట్టు పట్టుకుని గడియారం చూస్తూ నిమిషం పూర్తయ్యేదాకా వదలలేదు. మధ్యలో రెండుసార్లు దెబ్బ తప్పింది. ఆ వారమే వెళ్లి, రాత్రీ పగలూ ఒంటి మీదే ఉండి ఈసీజీ నమోదు చేసే హోల్టర్ పరికరం పెట్టించుకున్నాడు.