వేల్స్ ఊరి పేరుని ఎక్కడ విరవాలి

మన పాలకొండ, బొండపల్లి లాంటి పేర్లలో కొండా పల్లే చివర్న ఉంటాయి. వేల్స్‌లో తిరగేసి ఉంటుంది: కొండో, ఏరో, గుడో ముందొస్తుంది, అది దేని తాలూకో తర్వాత. కాబట్టి పేరుని మొదట్నుంచే విరవాలి.

అబెర్ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటని చాలామంది రాసేస్తారు. అది సగమే. స్వాన్సీ వెల్ష్ పేరు అబెర్‌టావె, టావె నది సముద్రంలో పడేది అక్కడే. ఆ లెక్కన మన కళింగపట్నం 'అబెర్‌వంశధార' అవుతుంది. కానీ అబెర్‌గవెన్నీ దగ్గర సముద్రం లేదు, గవెన్నీ ఏరు అస్క్ నదిలో కలుస్తుంది. వంగర మండలం సంగంలో వేగావతి, సువర్ణముఖి నాగావళిలో కలిసినట్టే. పక్కన ఏ నీళ్లున్నాయో మ్యాపులో చూసుకోవాల్సిందే.

అసలు చిక్కు నిఘంటువు తీసినప్పుడు వస్తుంది. లాండిడ్నోలో 'డిడ్నో' ఎక్కడా దొరకదు. అది టిడ్నో అనే సాధువు పేరు. లాన్ (మొదట్లో ఆవరణ, తర్వాత చర్చి) పక్కన చేరేసరికి మెత్తబడింది. తల్లిదండ్రుల్లో తండ్రి 'దండ్రి' అయినట్టే. గసడదవాదేశం బళ్లో చదువుకున్న మనకి ఇది ఇంగ్లీషువాళ్లకంటే తేలిగ్గానే ఎక్కాలి! అక్కడ క 'గ' అవుతుంది, ట 'డ', ప 'బ', మ 'వ'. గ అయితే పూర్తిగా ఎగిరిపోతుంది. పాంట్ అంటే వంతెన, పెన్-అ-బాంట్ అంటే వంతెన కొస. మధ్యలో 'అ' ఇంగ్లీషు 'ది' లాంటిది; దాని వెనక స్త్రీలింగ ఏకవచనం వస్తేనే ఈ మార్పు. పుంలింగమైన బ్రిన్ (గుట్ట) పెన్-అ-బ్రిన్‌లో చెక్కు చెదరదు.

1,085 మీటర్ల స్నోడన్ శిఖరం వెల్ష్ పేరు అర్ విద్‌వా. మూలమాట గ్విద్‌వా, అంటే సమాధి దిబ్బ, గ ఎగిరిపోయింది. 2022 నవంబరులో అక్కడి జాతీయ ఉద్యానవన సంస్థ ఇకమీదట ఈ పేరే వాడాలని తీర్మానించింది. కొత్త మ్యాపులో స్నోడన్ కనబడకపోతే ఈ పేరుతో వెతకండి.

మోయల్ అంటే చెట్టూ చేమా లేని బోడిమెట్ట, అందులో తికమక లేదు. నాంట్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఇవాళ దక్షిణాన దాన్ని గెడ్డ అన్న అర్థంలోనే వాడతారు, కానీ పాత అర్థం లోయ. ఉత్తరాన నాంట్ ఫ్రాంకన్ అంటే గెడ్డ కాదు, హిమానీనదం తొలిచిన వెడల్పాటి లోయ; అందులో పారే నదికి ఓగ్వెన్ అని వేరే పేరుంది.